ఒంటరిగా పరభాషాభ్యాసము

చిప్పగిరి కన్నడదేశపు పొలిమేరకు చేరువనున్న గ్రామము. హరిదాసులలో ప్రసిద్ధులైన విజయదాసులవారు 1755లో దేహము చాలించినది ఇచ్చటనే. వారి కీర్తనలు కన్నడమునవి. ఈ ప్రాంతమున తెలుగువారు కన్నడము మాటలాడుట వింత కాదు. వారిలో వ్యాకరణము చదివి నేర్చినవారెందరు? సంతలో విని, బేరములో పలికి నేర్చినవారే పెక్కుమంది.

ఆంగ్లము సంగతి వేరు. అది మన సంతలలో వినబడదు. పట్టము పుచ్చుకొనునాటికి నేను ఆ భాషలో పుటలకొలది వ్రాసియుంటిని. అయినను మొదటి ఉద్యోగపు పరీక్షలో, "మీ ఊరిని గూర్చి చెప్పుడు" అని అడిగినంతనే నా నాలుక పిడచకట్టినది. ఆ ఉద్యోగము రాలేదు. నాకు కొరవడినవి పదములు కావు, పలికిన అలవాటు.

మాటలాడుటకు తోడు లేనివారేమి చేయవలెను? తరువాతి కాలమున ట్రాయి నగర శిథిలములను త్రవ్వించిన జర్మనుడు హైన్రిఖ్ ష్లీమన్ కథ వినదగినది. 1844లో ఆమ్‌స్టర్‌డాములో చిన్న ఉద్యోగిగా నుండి అతడు రష్యను భాష నేర్వబూనెను. బోధకుడు దొరకలేదు. దొరికినవి ఒక పాత వ్యాకరణము, ఒక నిఘంటువు, ఒక కథాగ్రంథపు అనువాదము. కథను కంఠస్థము చేసి బిగ్గరగా అప్పగించెడివాడు. ఎదుట వినువాడుండవలెనని, వారమునకు నాలుగు ఫ్రాంకులిచ్చి ఒక పేదవానిని ప్రతి సాయంకాలము రెండు గంటలు కూర్చుండబెట్టుకొనెను. ఆ వినువానికి రష్యను ఒక్క ముక్కయు రాదు! ఇరుగుపొరుగువారు మొరపెట్టగా రెండుమార్లు బస మార్చవలసివచ్చెను. ఆరు వారములకు ఆ భాషలో ఉత్తరము వ్రాసితిననియు, నీలిమందు వేలములకు వచ్చిన రష్యను వర్తకులతో ధారాళముగా మాటలాడితిననియు అతడే చెప్పుకొనెను.

ఇందలి కీలకమేమి? నాలుకకు పని కల్పించుట; సిగ్గును చంపుకొనుట. మనమును అట్లే చేయవచ్చును. నీరు తోడునప్పుడు, పశువులకు మేత వేయునప్పుడు, చేయుచున్న పనినే ఆ భాషలో చిన్న వాక్యములుగా పైకి చెప్పుకొనుడు. మాట దొరకనిచోట ఆగక, తెలిసిన మాటలతో చుట్టు తిప్పి చెప్పి, పిమ్మట నిఘంటువు చూడుడు. అయితే ఒంటరి సాధనలో ఒక ప్రమాదము కలదు: దిద్దువారు లేనందున తప్పే అలవాటుగా స్థిరపడును. కావున రేడియోలో ఆంగ్ల వార్తలు విని, చదువరి వెంట వాక్యములను పలుకుడు. మీ గొంతును చేతిలోని ఫోనులో పట్టి, రెంటిని పోల్చి చూచుకొనుడు. దినమునకు పావుగంట చాలును, దినము తప్పరాదు.

పెద్దలకొక మనవి. పెరటిలో మీ పిల్లవాడు గోడతో ఆంగ్లము మాటలాడుచుండినచో నవ్వకుడు. పని చాలించి, అతని యెదుట కాసేపు కూర్చుండుడు. మీకు ఆ భాష రాకపోయినను బాధ లేదు. ష్లీమన్ వినువానికిని రాలేదు కదా!