మంచు పడే ఊళ్ళలో ఒక రాత్రి

ఏటా చలికాలంలో కొండలకు వెళ్ళివచ్చే మా నాలుగు కుటుంబాల తరఫున ఈ నాలుగు మాటలు.

మద్రాసు నుంచి బయలుదేరిన 'ట్రూరో' ఓడ 1860 నవంబరు 16న డర్బన్ రేవు చేరింది. ఆ తరువాతి యాభై ఏళ్ళలో గంజాం, విశాఖపట్నం, చిత్తూరు ప్రాంతాల నుంచి మన పూర్వులు ఎందరో ఇక్కడి చెరకు తోటలకు వచ్చారు. వారి ఊళ్ళలో మంచు అంటే ధనుర్మాసపు తెల్లవారుజామున గడ్డిపరకల మీద నిలిచే చెమ్మే. దూదిలా రాలి నేలను కప్పే మంచు అక్కడ లేదు, డర్బన్‌లోనూ లేదు. కాని ఇక్కడికి రెండున్నర గంటల దూరంలోనే ఉంది. అదీ మన పంచాంగానికి తలకిందులుగా! సంక్రాంతికి మనకు చెమటలు కారతాయి, ఆషాఢ శ్రావణాల్లో కొండలు తెల్లబడతాయి.

ఆ కొండలు డ్రాకెన్స్‌బర్గ్. ఆఫ్రికాన్స్‌లో డ్రాగన్ కొండలని అర్థం. జూలూలు ఉఖహ్లాంబ అంటారు, అంటే బల్లేల వరుస. పీటర్‌మారిట్జ్‌బర్గ్, బుల్వర్ మీదుగా వెళితే వాటి పాదాల దగ్గర అండర్‌బర్గ్, హిమెవిల్ అనే చిన్న ఊళ్ళు వస్తాయి. హిమెవిల్ పేరు వినగానే మా పిల్లలు 'హిమం ఉన్న ఊరు' అని అర్థం చెప్పేశారు. ఆ పేరు మన భాషది కాదు గాని, అర్థం మాత్రం చక్కగా సరిపోయింది. అక్కడి నుంచే సాని కనుమ దారి మెలికలు తిరుగుతూ 2,800 మీటర్లు దాటి లెసోతో దేశంలోకి ఎక్కుతుంది. నాలుగు చక్రాలూ లాగే బండి, పాస్‌పోర్టు ఉంటేనే ఆ ప్రయాణం. ఫ్రీ స్టేట్ వైపు వెళితే మలూటి కొండల ఒడిలో క్లారెన్స్ ఉంది. 1912లో వెలసిన ఆ ఊరికి, క్రూగర్ కన్నుమూసిన స్విట్జర్లాండ్ ఊరి పేరే పెట్టారు.

ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. మన వైపు చలికాలం పొడిగా ఉంటుంది. దక్షిణం నుంచి వచ్చే చలిగాలికి తేమ తోడైనప్పుడే మంచు పడుతుంది. అది ఏడాదికి కొన్ని సార్లే. ఊళ్ళో పడినది ఎండ రాగానే కరిగిపోతుంది. కొండల దక్షిణపు నీడలో మాత్రం చాలా రోజులు నిలుస్తుంది. పొద్దున బయలుదేరి సాయంత్రానికి తిరిగివచ్చేవారికి దక్కేది తరచు బురదే. రాత్రి అక్కడ పడుకుని, తెల్లవారి తలుపు తీసినవారికే మంచు కనబడుతుంది.

ఆ రాత్రి బసే మన పెద్దలకు దక్కలేదు. 1891 నాటి చట్టం ప్రకారం ఫ్రీ స్టేట్‌లో మనవారు నివాసముండరాదు. దారిన పోవచ్చు, ఆగి నిద్రపోకూడదు. 1986 దాకా ఆ నిషేధం తొలగలేదు. నేటాల్ కొండల్లోని హోటళ్ళు కూడా చాలావరకు తెల్లవారికే. 1953 నాటి వేర్పాటు వసతుల చట్టం 1990లో గాని రద్దు కాలేదు. అందుకే మన అమ్మమ్మలు పులిహోర, బిరియాని, ఫ్లాస్కులో టీ కట్టుకుని బయలుదేరేవారు. రోడ్డు పక్కన దుప్పటి పరచుకుని తినడం మనకు ముచ్చట అని పిల్లలు అనుకుంటారు. ముచ్చటే, కాదనం. కాని దాని వెనక మూసి ఉన్న తలుపులూ ఉన్నాయి.

కాబట్టి మా మనవి ఇది. ఈసారి కొండలకు వెళ్ళేటప్పుడు పెద్దవారిని ఇంట్లో వదలకండి. "నాకెందుకమ్మా ఈ చలిలో" అంటారు. శాలువా కప్పి తీసుకుపోండి. కిటికీ దగ్గర మంచం వారికివ్వండి. రాత్రి కుంపటి చుట్టూ కూర్చున్నప్పుడు ఈ దారిలో ఒకప్పుడు ఎలా పోయేవారో వారినే చెప్పమనండి, వారికి వచ్చినంత తెలుగులోనే. పిల్లలకు పాఠ్యపుస్తకం కన్నా ఆ మాట ఎక్కువ గుర్తుంటుంది.

జాగ్రత్త కూడా చెప్పాలి. 2024లో వినాయక చవితి వెళ్ళిన రెండు వారాలకే, చలికాలం అయిపోయిందనుకున్న సెప్టెంబరులో, వాన్ రీనెన్ కనుమ దగ్గర జాతీయ రహదారి మంచుతో మూసుకుపోయింది. ఎందరో రాత్రంతా బండ్లలోనే చిక్కుకున్నారు. హెచ్చరిక వస్తే ప్రయాణం మానుకోండి. వెళితే దుప్పట్లు, తాగునీరు, తిండి, టార్చిలైటు, నిండా పెట్రోలు ఉండాలి. నీడపడిన మలుపుల్లో కంటికి కనబడని గడ్డమంచు ఉంటుంది. అక్కడ గట్టిగా బ్రేకు వేయవద్దు. కొండ ఊళ్ళవారికి ఆ చలి వేడుక కాదు. గొర్రెలు, పశువులు చనిపోతాయి. ఆ ఊళ్ళలో నాలుగు రాండ్లు ఖర్చుపెట్టి, నలుగురిని పలకరించి రండి.

మంచు ఎలాగూ కరిగిపోతుంది. మన పెద్దల నోట ఉన్న కథలు కూడా అలాగే కరిగిపోకముందే వినండి.