లేని సొమ్ముతో ఉన్న భూమి

(మేడ్చల్‌లో జరిగిన మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటి సమావేశంలో టీ తాగే వేళ ఒక సభ్యులు నన్ను పక్కకు పిలిచి, "మా అబ్బాయి పనిచేసే కంపెనీని ఇంకో కంపెనీ కొనేసిందట. వాడి సర్వీసు సంగతేమిటి? మన డబ్బులున్న ఫండులో ఆ కంపెనీ షేర్లున్నాయి, వాటి సంగతేమిటి?" అని అడిగారు. నిలబడి చెప్పే జవాబు కాదు గనుక ఈ రోజు కూర్చుని చెప్పుకుందామన్నాను. జీవితమంతా అకౌంట్స్ విభాగంలో గడిపినవాణ్ణి. నాకు తెలిసిన లెక్కల భాష ఇంట్లో మాటల్లో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందుగా ఒక చిన్న ఉదాహరణ. శామీర్‌పేటలో ఒక కిరాణా కొట్టు అమ్మకానికి వచ్చిందనుకుందాం. కొట్టులో సరుకు 6 లక్షలు. ఉద్దెర ఖాతాలో రావలసింది 1 లక్ష. హోల్‌సేలు వ్యాపారికి ఇవ్వవలసింది 2 లక్షలు. అంటే నికరంగా 5 లక్షల ఆస్తి. మీరు 8 లక్షలిచ్చి కొన్నారు. మిగతా 3 లక్షలు దేనికిచ్చినట్టు? ఆ కొట్టుకున్న మంచి పేరుకు, రోజూ వచ్చే వాడుక ఖాతాదారులకు. ఆ 3 లక్షలనే లెక్కల్లో గుడ్‌విల్ అంటారు. కంపెనీని కంపెనీ కొన్నప్పుడు కూడా లెక్క ఇంతే, సున్నాలు పెరుగుతాయి.

మరుసటి ఏడు ఎదురుగా సూపర్ మార్కెట్ వచ్చి, వాడుక ఖాతాదారులు అటు వెళ్ళిపోయారనుకోండి. ఆ 3 లక్షల గుడ్‌విల్ ఇంకా ఉన్నట్టు పుస్తకంలో రాసుకుంటే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు. కంపెనీల విలీనాల విషయంలో 1995 ఏప్రిల్ నుంచి అమలైన మన 14వ అకౌంటింగ్ ప్రమాణం, గుడ్‌విల్‌ను మామూలుగా అయిదేళ్ళకు మించకుండా కొంచెం కొంచెంగా కొట్టివేయమంది. 2016-17 నుంచి పెద్ద కంపెనీలకు వచ్చిన ఇండ్ ఏఎస్ 103 ప్రకారం ఆ పద్ధతి మారింది. కొన్న ప్రతి ఆస్తినీ న్యాయమైన విలువకు రాయాలి. గుడ్‌విల్‌ను ఏటేటా పరీక్షించి, విలువ పోతే ఆ మేరకు నష్టం చూపాలి.

ఇలాంటి పరీక్షకు ఉదాహరణ మన ఊళ్ళోనే ఉంది. అత్వెల్లిలోని శాంతా బయోటెక్నిక్స్ మీ అందరికీ తెలిసినదే. 1993లో వరప్రసాద్ రెడ్డి గారు స్థాపించిన ఈ సంస్థ 1997లో హెపటైటిస్ బి టీకాను మన దేశంలోనే తయారుచేసి తక్కువ ధరకు అందించింది. 2009లో ఫ్రాన్సు దేశపు సనోఫీ ఈ సంస్థను సుమారు 55 కోట్ల యూరోల విలువ కట్టి చేజిక్కించుకుంది. మరుసటి ఏడే, సంస్థ తయారుచేసే అయిదు వ్యాధుల టీకా షాన్5కు ప్రపంచ ఆరోగ్య సంస్థ తన గుర్తింపును ఉపసంహరించుకుంది. అలాంటప్పుడు కొన్నవాడు ఆ టీకా మీద రాసుకున్న విలువను మళ్ళీ లెక్కకట్టి తగ్గించుకోవలసిందే. అది అవమానం కాదు, నిజాయితీ. కొన్నవాడు, అమ్మినవాడు వేరు వేరు మనుషులు. బేరమాడి కొన్నారు, తప్పిన లెక్కను సరిదిద్దుకుంటారు.

ఇక అసలు విషయానికి వస్తాను. బాలానగర్ నుంచి గండిమైసమ్మ వెళ్ళే దారిలో బహదూర్‌పల్లి దగ్గర ఒక పెద్ద ప్రాంగణం ఉంది. ఇప్పుడక్కడ టెక్ మహీంద్రా కార్యాలయం, మహీంద్రా విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఒకప్పుడది సత్యం కంప్యూటర్స్ వారి టెక్నాలజీ సెంటర్. 1987లో మొదలై సాఫ్ట్‌వేరు, కన్సల్టింగు, ఇంజనీరింగు సేవలతో దేశదేశాల్లో పేరు తెచ్చుకున్న కంపెనీ. మన ఇళ్ళలోని పిల్లలు ఎందరో అందులో చేరి మొదటి జీతం అందుకున్నారు.

2008 డిసెంబరు 16న ఆ కంపెనీ డైరెక్టర్ల బోర్డు ఒక నిర్ణయం తీసుకుంది. మేటాస్ ప్రాపర్టీస్ అనే భూముల కంపెనీని పూర్తిగాను, మేటాస్ ఇన్‌ఫ్రా అనే నిర్మాణ ఇంజనీరింగు కంపెనీలో 51 శాతాన్ని, మొత్తం 160 కోట్ల డాలర్లకు కొనాలని ఆ నిర్ణయం. సత్యం అనే పేరును ఇంగ్లీషు అక్షరాల్లో తిరగేసి చదివితే మేటాస్ వస్తుంది. పేరు తిరగబడినా కుటుంబం ఒకటే. మేటాస్ కంపెనీలు సత్యం చైర్మన్ రామలింగరాజు గారి కుటుంబం పెట్టుకున్నవే. వాటాదారులు మండిపడ్డారు. అమెరికా మార్కెట్లో షేరు సగానికి పైగా పడిపోయింది. కొన్ని గంటల్లోనే కొనుగోలు రద్దయింది.

అప్పుడు అందరూ అనుకున్నది ఒకటే, కంపెనీ డబ్బును కుటుంబానికి మళ్ళిస్తున్నారని. మూడు వారాల తరువాత, 2009 జనవరి 7న రామలింగరాజు గారు బోర్డుకు రాసిన ఉత్తరంతో తెలిసింది, అసలు మళ్ళించడానికి డబ్బే లేదని!

ఆ ఉత్తరంలోని అంకెలు వినండి. పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అందులో లేనివి 5,040 కోట్లు. అంటే నూరు రూపాయలున్నట్టు రాసిన చోట ఉన్నవి ఆరు రూపాయలు. రావలసిన వడ్డీ అని చూపిన 376 కోట్లూ లేవు. చూపించని అప్పు 1,230 కోట్లు. ఒక్క మూడు నెలల కాలానికి 649 కోట్లు నిర్వహణ లాభమని ప్రకటిస్తే, నిజంగా వచ్చింది 61 కోట్లు. పైన పటారం, లోన లొటారం అని మన పెద్దలు ఊరికే అనలేదు.

మరి లేని డబ్బుతో కంపెనీని కొనడమెలా? ఇక్కడే లెక్కల కిటుకు ఉంది. కొనుగోలు జరిగితే సత్యం పుస్తకాల్లో రెండు పద్దులు పడతాయి. బ్యాంకు నిల్వ తగ్గుతుంది, దాని స్థానంలో మేటాస్ షేర్లు, వాటి వెనుక భూములు వచ్చి చేరతాయి. లేని నగదు చెల్లించినట్టు రాస్తే పుస్తకంలోంచి మాయమవుతుంది, దాని చోట నిజమైన భూమి కూర్చుంటుంది. ఆ తరువాత ఏ ఆడిటరు వచ్చి బ్యాంకును అడిగినా తేడా కనబడదు. అమ్మినవారికి డబ్బు ముట్టవద్దా అంటారు. అమ్మేవారు ఇంటివారే గనుక, వారికి ఇవ్వవలసింది తరువాత చూసుకోవచ్చనుకున్నామని ఆ ఉత్తరమే చెబుతోంది. బొంకు ఆస్తుల స్థానంలో నిజమైన ఆస్తులు నింపడానికి అదే చివరి ప్రయత్నమని కూడా ఆయనే రాశారు.

ఇంకొక సంగతి గమనించండి. ఎంచుకున్నది భూమిని. మన మేడ్చల్, శామీర్‌పేట వాళ్ళకు భూమి ధర గురించి ఒకరు చెప్పనక్కరలేదు. పక్క పక్క సర్వే నంబర్లకు రెండు ధరలు, రిజిస్ట్రేషన్ విలువ ఒకటి, బయట పలికేది ఇంకొకటి. అలాంటి ఆస్తికి న్యాయమైన విలువ కట్టడం అమ్మేవాడు, కొనేవాడు పట్టుగా బేరమాడితేనే సాధ్యం. ఇద్దరూ ఒకే ఇంటివారైతే ఆ ధరను అడ్డుకునేదెవరు?

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏడాది చివరి లెక్కలు తయారు చేస్తూ, క్యాష్ పుస్తకంలో ఉన్న బ్యాంకు నిల్వనే స్టేట్‌మెంటులోకి ఎత్తి రాసేశాను. మా సూపరింటెండెంటు గారు కళ్ళజోడు పైనుంచి చూసి, "బ్యాంకు ఉత్తరం ఏదయ్యా?" అన్నారు. "పుస్తకంలో ఉంది కదండీ" అన్నాను. "పుస్తకం మనం రాసుకున్నది. ఉత్తరం వాళ్ళు రాసేది. అది కూడా క్యాషియరు చేతికి కాదు, నేరుగా మన టపాలో రావాలి" అన్నారు. మర్నాడు బ్యాంకుకు నడిచి వెళ్ళి అడిగితే 412 రూపాయల తేడా తేలింది. ఒక చెక్కు మారలేదు, అంతే. కానీ ఆ రోజు పడ్డ సిగ్గు రిటైరయ్యే దాకా నన్ను కాపాడింది.

అదే లోపం అంత పెద్ద కంపెనీ ఆడిట్‌లోనూ జరిగింది. బ్యాంకుల ధ్రువీకరణ ఉత్తరాలను నేరుగా తెప్పించుకోకుండా కంపెనీ యాజమాన్యం మీద ఆధారపడ్డారని 2011 ఏప్రిల్‌లో అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ తప్పుపట్టింది. ఆ ఆడిట్ సంస్థలు 60 లక్షల డాలర్ల జరిమానా చెల్లించాయి. ఇక్కడ 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక కోర్టు రామలింగరాజు గారితో సహా పది మందికి ఏడేళ్ళ శిక్ష విధించింది. అప్పీలు మీద మరుసటి నెలలో ఆ శిక్ష అమలు నిలిచింది.

ఇప్పుడు కథలో రెండో కొనుగోలు వినండి. కేంద్ర ప్రభుత్వం పాత బోర్డును తీసివేసి కొత్తవారిని వేసింది. జనవరి 6న 179 రూపాయల దగ్గర ఉన్న షేరు మర్నాటికి 40 దగ్గరకు పడింది. ఏప్రిల్ 13న వేలం జరిగింది. ఇంజనీరింగు దిగ్గజం లార్సెన్ అండ్ టూబ్రో షేరుకు 45 రూపాయల 90 పైసలు అంటే, టెక్ మహీంద్రా 58 అంది. 31 శాతం వాటాకు సుమారు 1,757 కోట్లు పెట్టింది. గమనించవలసింది ఏమిటంటే, అవి కొత్తగా ఇచ్చిన షేర్లు. కాబట్టి ఆ డబ్బు పాత యజమానుల జేబుకు పోలేదు, నేరుగా కంపెనీలోకి వచ్చింది. జీతాలకు ఆసరా అయింది. మొదటి కొనుగోలులో డబ్బు బయటికి పోయినట్టు రాయాలనుకున్నారు, రెండో దానిలో డబ్బు లోపలికి వచ్చింది. రెండింటినీ కొనుగోలు అనే అంటారు!

అప్పటికి నమ్మదగిన బ్యాలెన్స్ షీటు లేదు. సరిదిద్దిన లెక్కలు 2010 సెప్టెంబరుకు గాని రాలేదు. 37 కంపెనీలు తామిచ్చామన్న 1,230 కోట్లను ఒప్పుకోనూ లేక, కొట్టివేయనూ లేక సస్పెన్సు ఖాతాలో విడిగా చూపారు. మన ఆఫీసుల్లో సస్పెన్సు ఖాతా అంటే విసుక్కునేవాళ్ళం. కానీ తేలని దాన్ని తేలలేదని రాయడం కూడా నిజాయితీయే. 2013 జూన్‌లో కంపెనీ టెక్ మహీంద్రాలో కలిసిపోయింది. 17 సత్యం షేర్లున్నవారికి 2 టెక్ మహీంద్రా షేర్లు వచ్చాయి.

మిత్రులారా, 58 రూపాయలు దేనికిచ్చారు? పుస్తకంలోని నగదుకు కాదు, అది లేదని తేలింది గదా. ఉదయం బస్సెక్కి వచ్చి, జీతం వస్తుందో రాదో తెలియకపోయినా పని ఆపని పిల్లల కోసం, వారిని నమ్మి నిలిచిన ఖాతాదారుల కోసం. కిరాణా కొట్టు లెక్కలో చెప్పిన గుడ్‌విల్ అంటే అదే.

చివరిగా, కంపెనీ కొనుగోలు వార్త చూసినప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఒకటి, అమ్మేవాడు కొనేవాడికి ఏమవుతాడు? రెండు, డబ్బు ఎటు పోతుంది, ఎటు వస్తుంది? మూడు, ధర కట్టిందెవరు? నాలుగు, ఉందంటున్న నగదు మీద వడ్డీ నిజంగా చేతికి వస్తోందా, లేక రావలసి ఉందని రాస్తున్నారా? ఫిక్సెడ్ డిపాజిట్ వడ్డీ ఒక్క రోజు ఆలస్యమైతే బ్యాంకుకు పరుగెత్తే మనకు ఈ నాలుగో ప్రశ్న కొత్తది కాదు.

ఆ సభ్యులు గారి అబ్బాయి సంగతికి వస్తే, కంపెనీ షేర్లు మాత్రమే చేతులు మారితే యజమాని సంస్థ అదే, సర్వీసు అదే, గ్రాట్యుటీ లెక్క అదే. విలీనమైతే మాత్రం సర్వీసు కొనసాగుతుందని రాసిచ్చిన కాగితం తీసుకుని, అపాయింట్‌మెంట్ ఆర్డరుతో కలిపి దాచుకోమనండి. పుస్తకం వాళ్ళు రాసుకుంటారు, ఉత్తరం మన దగ్గర ఉండాలి.