పాత లౌడ్ స్పీకరులకు క్రొత్త కండెన్సరులు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



గ్రంథములను గూర్చి పెద్దలు సెలవిచ్చిరి. నేనెరిగిన పని పాత లౌడ్ స్పీకరులను బాగుచేయుట. కావున దానినే చెప్పెదను. పాత వస్తువును నిలుపుకొనదలచినవారికి ఇందు పనికివచ్చు మాట ఒకటి కలదు.

మంచి స్పీకరు పెట్టెలో రెండు మూడు గొంతులుండును. మృదంగపు ఎడమప్రక్క మ్రోతవంటి మంద్రధ్వనులను పెద్ద ఊఫరు పలుకును. తాళముల ఘల్లువంటి సన్నని ధ్వనులను చిన్న ట్వీటరు పలుకును. ఏ ధ్వని దేనికి పోవలెనో నిర్ణయించు భాగమును క్రాసోవరు అందురు. కాలువ నీటిని తూములు పంచునట్లు అది విద్యుత్తును పంచును. అందలి తీగచుట్ట మంద్రధ్వనులను పోనిచ్చును. కండెన్సరు, అనగా నేడు కెపాసిటరు అని పిలువబడునది, హెచ్చుస్థాయి ధ్వనులను పోనిచ్చును.

ఒక ఉదాహరణము చెప్పెదను. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున, కేంబ్రిడ్జి పట్టణములో, ఎడ్గార్ విల్చర్, హెన్రీ క్లాస్ అనువారు 1954లో అకూస్టిక్ రీసెర్చి అను సంస్థను స్థాపించిరి. ఆ సంస్థ 1967లో వెలువరించిన ఏఆర్-3ఏ అను పెట్టెను నేటికిని పలువురు భద్రపరచుకొని వినుచున్నారు. అందు ధ్వని 575, 5000 హెర్ట్జుల వద్ద మూడు పాయలుగా చీలును. ట్వీటరు దారిలో 6, మధ్యస్థాయి స్పీకరు దారిలో 50, ఊఫరు ప్రక్కన 150 మైక్రోఫారడుల కండెన్సరులుండును. 6 మైక్రోఫారడుల కండెన్సరు 5000 హెర్ట్జుల ధ్వనికి ఇంచుమించు 5 ఓముల అడ్డు మాత్రమే పెట్టును. 500 హెర్ట్జుల ధ్వనికి 53 ఓముల అడ్డు పెట్టును. ఆ అడ్డే సున్నితమైన ట్వీటరును కాపాడును.

ఎలక్ట్రోలిటిక్ జాతి కండెన్సరులో అల్యూమినియపు రేకుల నడుమ ద్రవములో తడిపిన కాగితముండును. ఏండ్లు గడచినకొలది ఆ తడి ఆరును. అప్పుడు లోపలి నిరోధము పెరిగి ధ్వని మందగించును. విలువ తగ్గినచో సన్నని ధ్వనులు క్షీణించును. పెరిగినచో ట్వీటరుపై తగని బరువు పడును. ఈ మార్పు మెల్లమెల్లగా జరుగుటచే దినదినము వినువారి చెవికి తెలియదు. ప్లాస్టికు పొర కండెన్సరులు మాత్రము సాధారణముగా చిరకాలము చెడవు.

ఇక నా తప్పు చెప్పవలెను. మా నాయనగారు సాయంకాలమున త్యాగరాజ కృతులు వినిన పాత పెట్టెల జత ఒకటి వారి తరువాత నా చేతికి వచ్చెను. ఒక పెట్టె మూగవోయినట్లుండెను. కొలువకయే కండెన్సరులన్నిటిని పెరికి పారవేసి, ఖరీదైన పొర కండెన్సరులను వేసితిని. మూగతనము పోలేదు. పరీక్షింపగా, స్థాయిని సరిచేయు మీట లోపల త్రుప్పు పట్టియుండెను. దానిని శుభ్రము చేయగానే రెండు పెట్టెలును పలికినవి. కాని ధ్వని మిక్కిలి పదునెక్కెను. పాతవానిలో సహజముగానుండిన కొద్దిపాటి నిరోధము క్రొత్తవానిలో లేదు. ఆ నిరోధమెంతయో కొలిచి తెలిసికొందమన్న, పాతవి చెత్తలో కలిసిపోయినవి. చిన్న రెసిస్టరు చేర్చి చెవికి తోచినంత సరిచేసితిని. నాయనగారు వినినది ఇదియే అని మాత్రము ప్రమాణము చేయజాలను.

కావున, ఈ పనికి పూనుకొనువారికి నా మనవి. మొదట యాంప్లిఫయరు తీగలు విప్పుడు. లోపల గాజుదూది ఉన్నచో చేతితొడుగులు ధరించి, ముక్కునకు గుడ్డ కట్టుకొనుడు. ఏ తీగ ఎచ్చట ఉన్నదో పటము గీసికొనుడు. త్రుప్పును ముందు చూడుడు. కండెన్సరు ఒక కాలు విడదీసి, విలువను, లోపలి నిరోధమును కొలువుడు. చెడినదానినే మార్చుడు, మార్చినచో రెండు పెట్టెలలోను ఒకే తీరున మార్చుడు. విలువ అదే ఉండవలెను, వోల్టేజి తగ్గరాదు. 6 దొరకనిచో 4ను 2ను ప్రక్కప్రక్కన కలిపిన 6 అగును. ఎలక్ట్రోలిటిక్ వేయునపుడు ధన, ఋణ భేదము లేనిదానినే వేయవలెను. ఏలయన ధ్వని విద్యుత్తు దిక్కు మార్చుకొనుచుండును. తీసిన పాతవానిని గుర్తు వ్రాసి దాచుడు.

చినిగిన గ్రంథమునకు మన గ్రంథపాలకులు క్రొత్త అట్ట వేయుదురు. లోపలి అక్షరమును దిద్దరు. పాత పెట్టెను బాగుచేయువాడును అట్లే మెలగవలెను. ఆ మర్యాదను నేను ఆలస్యముగా నేర్చితిని. మీరు ముందే నేర్చుకొందురని చెప్పితిని.