వెన్న శాతం చూశాం, చేతులు చూశామా?

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం సర్వసభ్య సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. సహకార డిప్లొమా చదివి, ముప్పై ఏళ్ళుగా సంఘాల లెక్కలు తనిఖీ చేస్తున్నవాడిని. ఇన్‌స్పెక్టరు వచ్చాడంటే నగదు పుస్తకం, పాల రిజిస్టరు, బోనస్ పట్టీ అడుగుతాడని మీకు తెలుసు. ఈ రోజు ఏ రిజిస్టరులోనూ ఎక్కని ఒక పద్దు గురించి మనవి చేస్తాను.

కొన్నేళ్ళ క్రితం ఒక సంఘం తనిఖీకి వెళ్ళాను. లెక్కలు పైసాతో సహా సరిపోయాయి. "సంతృప్తికరం" అని వ్రాసి సంతకం చేశాను. బయటికి వస్తుంటే క్యానులు చెరువు నీళ్ళతో తొలుస్తున్నారు. అది నా పని కాదనుకుని బస్సెక్కాను. ఆ వర్షాకాలంలోనే ఆ ఊరి పిల్లలకు జ్వరంతో రక్త విరేచనాలు పట్టుకున్నాయి. పాల వల్లనో, నీళ్ళ వల్లనో ఎవరూ తేల్చలేదు. కాని నా సంతకం నన్ను ఇప్పటికీ నిలదీస్తూనే ఉంది.

విరేచనాలన్నీ ఒకటి కావు. కలరా క్రిమి పేగు లోపలి పొరను అంటిపెట్టుకుని విషం వదులుతుంది, నీళ్ళలా పోతాయి. షిగెల్లా, సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ అనే క్రిములు అలా కాదు. పేగు గోడలోకే చొరబడతాయి. గోడ వాచి, పుండై, జ్వరం, కడుపునొప్పి, జిగట, రక్తం కనిపిస్తాయి. షిగెల్లాను 1897లో జపాను శాస్త్రజ్ఞుడు కియోషి షిగా కనుగొన్నాడు. అది 10 నుండి 100 క్రిములు కడుపులోకి పోయినా చాలు, జబ్బు తెస్తుంది. అంటే కడుక్కోని ఒక్క చేయి చాలు. మిగిలిన రెండూ పశువుల పేగుల్లో ఉండి, పేడ ద్వారా పొదుగుకు, పాలకు అంటుతాయి. పశువు ఆరోగ్యంగానే కనిపించవచ్చు. లాక్టోమీటరుకు ఇవి చిక్కవు, పాల రుచీ మారదు.

వెచ్చని పాలలో ఒక సాల్మొనెల్లా క్రిమి అరగంటకొకసారి రెట్టింపైతే, ఐదు గంటల్లో వెయ్యి దాటుతుంది. ఏ బాకీకీ ఇంత చక్రవడ్డీ లేదు!

పాలు 72 డిగ్రీల సెల్సియస్ వేడిలో 15 సెకన్లు ఉంటే ఈ క్రిములు చస్తాయి. అయితే అంతటితో నిశ్చింత కాదు. 1985లో అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో పాశ్చరైజు చేసిన పాల ద్వారానే సాల్మొనెల్లా వ్యాపించి, పరీక్షలో తేలినవారే 16,000 మందికి పైగా జబ్బుపడ్డారు. శుద్ధిచేసిన పాలలో పచ్చిపాలు కలిసి ఉంటాయని దర్యాప్తు చేసినవారు అనుమానించారు. మన ఇంట్లోనూ అంతే. కాచిన పాలలో పచ్చిపాల గరిటె ముంచితే కాచిన ఫలం దక్కదు.

కాబట్టి పితికే ముందు చేతులు సబ్బుతో కడగండి. పొదుగు కడిగి, పొడిగుడ్డతో తుడవండి. క్యానులకు మంచినీళ్ళే వాడండి. పాలు ఆలస్యం చేయక కేంద్రానికి చేర్చండి. పిల్లలకు పొంగు వచ్చేదాకా కాచే ఇవ్వండి. విరేచనాలైన బిడ్డకు ఓ.ఆర్.ఎస్. పట్టండి, తల్లిపాలు మాన్పకండి. రక్తం కనిపిస్తే సొంత మాత్రలు వద్దు. వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి.

చివరిగా ఒక మాట. విరేచనాలు పట్టినవారు, తగ్గాక కూడా రెండు రోజుల వరకు, పాలు ముట్టరాదు. కాని టెస్టరు ఒక పూట రాకపోతే కూలి కోస్తున్నాం. కూలి కోస్తే జబ్బు దాస్తాడు. ఆ రోజుల కూలి సంఘమే ఇవ్వాలని, సబ్బుకు, మంచినీళ్ళకు ఖర్చు వ్రాయాలని ఈ సభలోనే తీర్మానం చేయవలసిందిగా కోరుతున్నాను. ఆ ఖర్చును తప్పుపట్టే ఇన్‌స్పెక్టరును నేను మాత్రం కాను.

సెలవు.