ప్రాజెక్టు కొనకండి, పూర్తి చెయ్యండి
(యానాం పేటలో చేసిన ప్రసంగం)



ఎం.సి.ఏ. దాకా వచ్చిన మన పిల్లలు ఆఖరి ప్రాజెక్టు దగ్గర ఆగిపోవడం మేం చూస్తున్నాం. "హైదరాబాదు అమీర్‌పేటలో రెడీమేడ్‌గా దొరుకుద్ది, కొనేస్తే పోద్ది" అంటున్నారు. కొన్నదానితో పట్టా రావచ్చు, చదువు రాదు. వైవాలో నోరు పెగలదు.

రూపాయి సమస్యపై బాబాసాహెబ్ రాసిన థీసిస్‌ను లండన్‌లో తిరగరాయమన్నారు. ఆయన వదిలెయ్యలేదు. మళ్లీ రాసిచ్చి 1923లో డి.ఎస్‌సి. సాధించారు.

అంశం కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. 2015 సెప్టెంబరులో మన పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో ఆహార భద్రత చట్టం బియ్యానికి బదులు బ్యాంకులో డబ్బు వెయ్యడం మొదలెట్టారు. రేషను కార్డులో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా, బ్యాంకులో మరోలా ఉంటే కంప్యూటరుకి ఒకే మనిషి ముగ్గురైపోతుంది. ఆ తప్పు ఎక్కడ పుడుతోంది, ఎవరు దిద్దాలి? గడపగడపకీ తిరిగి అడగండి, రాయండి. ఇన్‌ఫర్మేషన్ సిస్టమ్స్ పరిశోధన అంటే అదే. చెప్పినవాళ్ల పేర్లు మాత్రం బయటపెట్టకండి.

దారి ఖర్చులకి మేమంతా చందా వేస్తాం. పూర్తయ్యాక ఒక కాపీ యూనివర్సిటీకివ్వండి. ఇంకోటి ఇక్కడే, ఈ అరుగు మీద, మా అందరికీ చదివి వినిపించండి.

జై భీమ్!