పసిబిడ్డల మందు - మాత్ర



నేను ముప్పది యైదేండ్లు పిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను, వైద్యుడను గాను. అయినను నేడు మందులను గూర్చి మాటలాడ సాహసించుటకు కారణము మా యింట జరిగిన పొరపాటు.

నిరుడు వానకాలమున నా మనుమరాలికి జ్వరము తగిలినది. రెండేండ్ల పిల్ల. కోడలు తెల్లవారుజామున జ్వరపు మందొక మోతాదు పోసి, నాట్లకు పోవుచు బిడ్డను అంగన్‌వాడీలో దిగవిడిచి, సీసాను బిడ్డ సంచిలో నుంచినది. పది గంటలకు ఒళ్లు కాలుచుండుట చూచి అక్కడి ఆయా, తల్లి పంపిన మందే గదా యని మరల పోసినది. మధ్యాహ్నము నేను బిడ్డను ఇంటికి దెచ్చి, ఈ సంగతులేవియు నెరుగక, ఉగ్గుగిన్నెతో మూడవసారి పోసితిని. ముగ్గురమును ప్రేమచేతనే పోసితిమి.

సాయంకాలము కోడలు వచ్చి సీసా తరిగియుండుట చూచి గుండె బాదుకొన్నది. ఆసుపత్రికి పరుగెత్తితిమి. డాక్టరమ్మ అడిగినవి మూడే మాటలు: ఏ సీసా, ఎంత, ఎప్పుడు? "ఉగ్గుగిన్నెడు" అంటిని. "ఉగ్గుగిన్నె ఎంత పట్టును, మాస్టారూ?" అని ఆమె యడిగినది. నాయొద్ద ఉత్తరము లేదు.

పారాసిటమాలు అను ఆ మందు మితిమీరినచో కాలేయమును చెరచును. మొదటి దినమున బిడ్డ ఆడుకొనుచునే యుండవచ్చును; చెరుపు తరువాత బయటపడును. విరుగుడు కలదు గాని అది వేళకు పడవలెను. కావున బిడ్డను పట్టణమునకు పంపి, నెత్తురు పరీక్షించి, రెండు రాత్రులు కనిపెట్టి చూచిరి. దైవానుగ్రహమున పిల్ల క్షేమముగ ఇల్లు చేరినది.

మాత్ర యనగా సంస్కృతమున పరిమాణమని యర్థము; మందుబిళ్లకు ఆ పేరు వచ్చుటయు అందువలననే. పద్యములో ఒక్క మాత్ర హెచ్చిన బెత్తము చూపిన నేను, నా మనుమరాలి మాత్రను లెక్కింపనైతిని. శార్ఙ్గధరుని సంహితలోనే శిశువు వయస్సును బట్టి మందును కొంచెము కొంచెముగ హెచ్చింపవలెనని యున్నది. ఎరిగియు మరచితిని.

లెక్క యిట్లున్నది. ఆ మందును బిడ్డ తూకమును బట్టి పోయవలెను: ఒక మోతాదునకు కిలో బరువుకు 10 మొదలు 15 మిల్లీగ్రాములు. పది కిలోల బిడ్డకు 100 మొదలు 150. మోతాదుకు మోతాదుకు నడుమ నాలుగు మొదలు ఆరు గంటల యెడముండవలెను. దినమునకు నాలుగింటికి మించరాదు. చిక్కంతయు సీసాలలో నున్నది. ఒకే మందు చుక్కల రూపమున ఒక్క మిల్లీలీటరునకే 100 మిల్లీగ్రాములుండును. సిరపు రూపమున ఐదు మిల్లీలీటర్లకు ఒక సీసాలో 125, మరియొక సీసాలో 250 ఉండును. సిరపనుకొని చుక్కల మందు ఐదు మిల్లీలీటర్లు పోసినచో 500 మిల్లీగ్రాములు కడుపులోనికి పోవును. పది కిలోల బిడ్డకు అది మూడింతలకు పైమాట! కావున చెంచాలు, ఉగ్గుగిన్నెలు కట్టిపెట్టి, సీసాతో వచ్చిన కొలతమూతనో, సూదిలేని సిరంజినో వాడవలెను.

జలుబు సిరపులు కొన్నిటిలో ఈ పారాసిటమాలే కలిసియుండును. రెండును పోసినచో మోతాదు ఇనుమడించును. దగ్గు సిరపుల మాట మరియు భయంకరము. 2025లో మధ్యప్రదేశములోని ఛింద్వాడా ప్రాంతమున విషము కలిసిన దగ్గు సిరపు త్రాగి పసిబిడ్డలు మరణించిరి. రెండేండ్లు నిండని వారికి దగ్గు, జలుబు మందులు వ్రాయరాదని కేంద్ర ప్రభుత్వము ఆ యేడు అక్టోబరులో హెచ్చరించినది.

ఇప్పుడు మా అంగన్‌వాడీలో మందు సంచిలో రాదు. సంచి యందినచో పొరుగు బిడ్డ త్రాగడా? తల్లి సీసాను, వైద్యుని చీటిని టీచరమ్మ చేతికే ఇచ్చును. సీసాపై బిడ్డ పేరుండును. అది తాళము పెట్టెలోనికి పోవును. మేకుకు వ్రేలాడు నోటుపుస్తకమున బిడ్డ పేరు, మందు, ఎంత, ఏ గంటకు, ఎవరు పోసిరి అనునవి పోసిన వెంటనే వ్రాయుదురు. ఇంట ఉదయము పోసినదియు అందే వ్రాయవలెను. కక్కినచో వైద్యుని అడుగక మరల పోయరు.

చీటి లేని మందును టీచరమ్మ త్రిప్పి పంపగా కొందరు తల్లులు నొచ్చుకొనిరి. నేనును వారి పక్షముననే వాదించితిని. కూలి మానుకొని చీటికై తిరుగుట సులభమా? డాక్టరమ్మయే దారి చూపినది. పెక్కు మందులను ఉదయము, సాయంకాలము ఇంటనే పోయునట్లు ఏర్పరుపవచ్చునట. మందు వ్రాయించుకొనునపుడే ఆ మాట అడుగవలెను. నాటినుండి పెట్టెలోనికి వచ్చు సీసాలు సగమునకు సగము తగ్గినవి.

ఇక ఫిబ్రవరి 10న నులిపురుగుల బిళ్ల వేయుదురు గదా. ఏడాది దాటిన బిడ్డకు సగము, రెండేండ్లు నిండిన వారికి పూర్తి బిళ్ల. చిన్నవారికి గొంతున అడ్డుపడకుండ నలిపి నీటితో ఇత్తురు. ఆనాడు బిడ్డకు జ్వరమున్నచో దాచక చెప్పుడు. కోలుకొన్న పిదప వేయుదురు. మిఠాయి యని మాత్రము బిడ్డను మభ్యపెట్టకుడు. రేపు తానే వెదకుకొనును.

మీ యూరి కేంద్రమునకు ఒకమారు పోయి, తాళము పెట్టె యున్నదా, కొలతమూత యున్నదా చూడుడు. నోటుపుస్తకము లేనిచో ఒకటి కొనియిండు. మా యూరిలో దానికి గీతలు గీసినవాడను నేనే.