నీటికి తావీయని కుట్టు

(గ్రామ మహిళా సంఘముల సభ్యులకు కుట్టుపని శిక్షణ ముగింపు దినమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ శిక్షణలో మీరు రవికలు, లంగాలు, పిల్లల చొక్కాలు కుట్టుట నేర్చుకొంటిరి. నేడు వేరొక బట్టను గూర్చి చెప్పదలచితిని. ఒకవైపు నూలు లేక పాలియెస్టరు నేత, రెండవవైపు నీరు చొరని ప్లాస్టిక్ పొర గల బట్ట అది. మనమందరము ఎరిగిన రెగ్జిను ఆ జాతిదే. 2022 డిసెంబరు 31 నుండి మన దేశమున 120 మైక్రానులకన్న పలుచని ప్లాస్టిక్ చేతిసంచులను తయారుచేయరాదు, అమ్మరాదు. కావున పలుమార్లు వాడదగిన గట్టి సంచిని కుట్టగల చేతికి పని దొరకు అవకాశము కలదు.

నేను మొట్టమొదట ఇట్టి బట్టతో మా వీధిలోని బడిపిల్లవానికొక సంచి కుట్టి యిచ్చితిని. ఒకనాడు వానలో వాడు ఇల్లు చేరునప్పటికి పుస్తకములు తడిసిపోయెను. వాని తల్లి నన్నొక్క మాటయు అనలేదు. తడిసిన పుటలను పొయ్యి ప్రక్కన పరచి ఒక్కొక్కటిగా విడదీయుచుండెను. నేను బట్టను నిందించితిని. ఇంటికి వచ్చి మిగిలిన ముక్కపై నీరు పోసి చూడగా చుక్కయైనను దిగలేదు. నీరు చొచ్చినది నా కుట్టులోనుండియే!

ఇది క్రొత్త కష్టము కాదు. 1823లో స్కాట్లండు దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు చార్లెస్ మేకింటాష్ రెండు బట్టల నడుమ రబ్బరు ద్రావకము పూసి, నీరు చొరని బట్టకు పేటెంటు పొందెను. దర్జీలు ఆ బట్టతో వానకోటులు కుట్టగా, సూది చేసిన రంధ్రముల గుండా నీరు లోనికి దిగెను.

కారణము సులభమే. నూలుబట్టలో సూది దిగినపుడు పోగులు ప్రక్కకు తొలగి, మరల కూడుకొనును. ప్లాస్టిక్ పొరలో పడిన రంధ్రము పూడదు. కుట్టు విప్పినను అది మిగిలియేయుండును. కావున రంధ్రములు తక్కువగా నుండవలెను, అవియును తగిన చోటనే పడవలెను. తక్కిన జాగ్రత్తలన్నియు దీనినుండి పుట్టినవే.

మొదట కత్తిరింపు. ముందు, అడుగు, వెనుక భాగములు మూడును ఒకే ముక్కగా వచ్చునట్లు కత్తిరించినచో అడుగున అడ్డకుట్టు ఉండదు. ప్రక్కలు కుట్టిన చాలును. గుర్తులను నేతవైపున సుద్దతో పెట్టుడు. గుండుసూదులు గ్రుచ్చక, బట్టలారవేయు క్లిప్పులతో అంచులను పట్టి యుంచుడు.

పలుచని పొరబట్టకు 14వ నంబరు సూది, మందమైన రెగ్జినుకు 16వ నంబరు సూది తగును. మొండిసూది వాడరాదు. దారము పాలియెస్టరుదై యుండవలెను. నూలుదారము నీటిని పీల్చి లోనికి కొనిపోవును. కుట్టు పొడవు 3 మొదలు 4 మిల్లీమీటర్లు ఉండవలెను. అంతకన్న చిన్న కుట్లు వేసినచో, తపాలాబిళ్ళల నడుమనుండు చిల్లుల వరుసవలె బట్ట ఆ గీత వెంబడి చిరుగును.

ప్లాస్టిక్ వైపు పైకి ఉన్నపుడు మిషను పాదము దానికి అంటుకొని బట్ట ముందుకు కదలదు. టెఫ్లాన్ పాదము లేనివారు పలుచని కాగితమును పైన పరచి కుట్టి, పిదప చింపివేయవచ్చును. ముందుగా పనికిరాని ముక్కపై కుట్టి చూచుకొనుడు. ప్లాస్టిక్ వైపున వేడి ఇస్త్రీపెట్టె తగులరాదు. రెగ్జినుకు ఇస్త్రీయే వలదు. బట్టను మడిచి దాచినచో ముడుత నిలిచిపోవును. గొట్టమునకు చుట్టి యుంచుడు.

కాడలను సంచి నడిభాగమున కుట్టక, పై అంచు మడతలో అదనపు ముక్క వేసి కుట్టవలెను. అస్తరును వేరుగా కుట్టి, సంచిమూతి వద్ద మాత్రమే కలుపవలెను. ప్రక్కకుట్లను లోపలివైపున కుట్టుమూయు టేపుతో గాని, ఆ బట్టకు తగిన జిగురుతో గాని మూయవలెను.

సంచి పూర్తియైన పిదప లోపల పాత వార్తాపత్రిక నుంచి, కుట్లపై చెంబెడు నీరు పోయుడు. పావుగంట తరువాత కాగితము తీసి చూడుడు. అది తడిసిన చోటనే మీ లోపము కలదు.

సోదరీమణులారా! కుట్లు మూయని సంచిని 'నీరు చొరనిది' అని చెప్పి అమ్మకుడు. చిరుజల్లుకు మాత్రమే ఆగునని చెప్పి, అందుకు తగిన వెలయే తీసికొనుడు. కొనువాడు బట్టను చూచి కొనును. కుట్టును మాత్రము మన మాట నమ్మి కొనును. ఆ పిల్లవానికి నేను మరియొక సంచి కుట్టి యిచ్చితిని. ఈసారి వానకు ముందు చెంబుతో నేనే నీరు పోసి చూచితిని. మీరును అట్లే చేయుదురని ఆశించుచు సెలవు తీసికొనుచున్నాను.